సోలెడు ఉప్పు ఎన్ని గ్రాములు? వంటింటి కొలతలను తూకంలోకి మార్చుకునే పద్ధతి

ఏటా మామిడికాయలు ఊరగాయకు దిగే రోజుల్లో నన్ను అడిగే ప్రశ్న ఒకటే, అడిగే మాటలే వేరు. అమ్మమ్మ రాయించిన చీటీలో "సోలెడు ఉప్పు" అని ఉంది, అది ఎన్ని గ్రాములని ఒకరు అడుగుతారు. వీడియోలో ఆవిడ ఒక గ్లాసు చూపించి "ఈ గ్లాసుతో రెండు" అన్నారు, ఆ గ్లాసు మా ఇంట్లో లేదు, ఏం చేయమంటారని ఇంకొకరు అడుగుతారు. డాలస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో ఫోను చేసే అమ్మాయిలైతే కప్పు అంటే ఇక్కడి కప్పా, అక్కడి కప్పా అని అడుగుతారు. వీటన్నిటికీ ఒక అంకెలో జవాబు చెప్పడం కుదరదు కాబట్టి, ఆ జవాబును మీ వంటింట్లో మీరే రాబట్టుకునే పద్ధతిని ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మాత్రం మనసులో పెట్టుకోండి. మన భాషలోనే కొలవడం వేరు, తూచడం వేరు. గిద్ద, సోల, తవ్వ, గ్లాసు, కప్పు, చెంచా అనేవి కొలతలు. సరుకు ఎంత చోటు ఆక్రమిస్తుందో అవి చెబుతాయి. గ్రాము, కిలో, పాతకాలపు పలం, వీశ అనేవి తూకాలు. సరుకు ఎంత బరువుందో అవి చెబుతాయి. ఒకే సోలతో ఒకసారి కారం, ఒకసారి ఉప్పు కొలిచి తూస్తే, ఉప్పు కారానికి రెండింతల కంటే ఎక్కువే తూగుతుంది. ఈ వ్యాసానికి అవసరమైన సిద్ధాంతం ఇంతే.

ఈ తేడా నాకు తెలిసి వచ్చింది ఒక జాడీ ఆవకాయ పారబోసిన తర్వాత. కొత్త కాపురంలో మొదటి వేసవికి మా అమ్మ చెప్పిన పాళ్లు ఇవి: ముక్కలు ఎనిమిది సోలలు, ఆవపిండి రెండు, కారం రెండు, ఉప్పు ఒకటి, నూనె రెండు. నా దగ్గర సోల లేదు, కాటా ఉంది. ఎనిమిదికి రెండు అంటే నాలుగో వంతు, ఒకటి అంటే ఎనిమిదో వంతు అని లెక్కవేసుకుని, కిలో ముక్కలకు ఆవపిండి 250 గ్రాములు, కారం 250, ఉప్పు 125, నూనె 250 కలిపేశాను. నూనె చాలక ముక్కలు పైకి తేలాయి, శ్రావణమాసం రాకముందే జాడీ అంచున తెల్లగా బూజు కట్టింది. అమ్మ పాళ్లలో ఏ తప్పూ లేదు. అవి కొలత పాళ్లు, నేను వాటిని తూకం పాళ్లుగా చదివాను. అసలు వేయవలసిన ఉప్పు ఎంతో ఆరో మెట్టులో లెక్క కట్టి చూపిస్తాను.

కావలసినవి

• ఒక గ్రాము తేడా చూపించే డిజిటల్ కాటా. 5 కిలోల వరకు తూగేదైతే చాలు. గిన్నె పెట్టిన తర్వాత అంకెను సున్నాకు తెచ్చే బటన్ ఉండాలి. చాలా వాటి మీద దాన్ని టేర్ అని రాస్తారు.
• మీరు రోజూ వాడే కొలత పాత్ర: సోల, స్టీలు గ్లాసు, కప్పు, ఏదైనా సరే. అంచు సమంగా ఉన్నది మంచిది.
• పిండిని అంచుకు సమంగా గీయడానికి చాకు వీపుగాని, పిల్లల స్కేలుగాని.
• పిండిని తోడి పోయడానికి ఒక పెద్ద చెంచా, నీళ్లు పోయడానికి మూతి సన్నగా ఉన్న చెంబు.
• ఒక నోటుపుస్తకం. అంకెలను ఫోనులో రాసుకుంటే చేతికి పిండి ఉన్నప్పుడు ఇబ్బంది, పైగా ఫోను మారినప్పుడు పోతాయి.

1. ముందు కాటాను నమ్మవచ్చో లేదో చూడండి

కాటాను గట్టు మీద సమంగా ఉన్న చోట పెట్టండి. గుడ్డ మీదగాని, ప్లాస్టిక్ షీటు ముడతల మీదగాని పెడితే అంకె నిలవదు. ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు. రూపాయి గుర్తు ఉన్న పది రూపాయల నాణేలు, అంటే 2011 తర్వాత వచ్చినవి, ఒక్కొక్కటి సుమారు 7.7 గ్రాములు ఉంటాయి. పది నాణేలు పెడితే 77 గ్రాములకు ఒకటి అటూ ఇటుగా చూపించాలి. పెద్ద బరువు సరిచూడడానికి విప్పని కిలో ఉప్పు ప్యాకెట్టు పెట్టండి. కవరు బరువు కలుపుకొని కిలోకు కొన్ని గ్రాములు ఎక్కువ చూపించడం సహజం. కిలోకు 30, 40 గ్రాముల తేడా వస్తే ముందు సెల్లు మార్చి చూడండి. సెల్లు బలహీనపడినప్పుడు కొన్ని కాటాలు ఆగిపోకుండా తప్పు అంకెలు చూపిస్తూనే ఉంటాయి, అదే అసలు ప్రమాదం.

2. మీ పాత్ర ఎంత పడుతుందో నీళ్లతో తెలుసుకోండి

మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము తూగుతాయి. వంటింటి అవసరానికి ఇంతకంటే సూక్ష్మం అక్కర్లేదు. కాబట్టి మీ పాత్రలో పట్టే నీళ్ల బరువు గ్రాముల్లో ఎంతో, ఆ పాత్ర పరిమాణం మిల్లీలీటర్లలో అంతే.

పాత్రను లోపలా బయటా పొడిగా తుడిచి కాటా మీద పెట్టి అంకెను సున్నా చేయండి. పాత్రను కాటా మీద నుంచి కదపకుండానే చెంబుతో నీళ్లు సన్నని ధారగా పోయండి. చివరి వేలెడు ఎత్తు నింపేటప్పుడు చెంచాతో పోయడం మేలు. నీటి మట్టం అంచుకు సరిగ్గా సమం కాగానే ఆపి, అంకె రాసుకోండి. నీళ్లు అంచు దాటి కొంచెం ఉబ్బినట్లు నిలబడగలవు. అలా ఉబ్బనిస్తే చిన్న కప్పులో నాలుగైదు గ్రాములు ఎక్కువ వస్తాయి. ఇంకోసారి చేసి చూడండి. రెండుసార్లకీ తేడా రెండు మూడు గ్రాములు మించకపోతే సరిపోయినట్లే.

జాగ్రత్త: పాత్రను కుళాయి కింద నింపి ఎత్తి కాటా మీదకు తేవద్దు. ఒలికిన నీళ్లు కాటాలోకి దిగితే అది పాడవుతుంది, అడుగున అంటిన తడి కూడా తూకంలోకి వస్తుంది.

నేను ఇలా తూచినప్పుడు మా అమ్మ ఇచ్చిన ఇత్తడి సోలలో 286 గ్రాముల నీళ్లు పట్టాయి, మా అత్తగారి సోలలో 318 పట్టాయి. రెండూ సోలలే, రెండూ గోదావరి జిల్లాలవే. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అనే వరుస చాలామందికి తెలిసిందే, కాని ఆ వరుస ఇంటి పాత్రలు ఒకదానికొకటి ఎన్నింతలో చెబుతుందే తప్ప, ఈ ఊరి సోల ఆ ఊరి సోలతో సమానమని చెప్పదు. 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చిన తర్వాత బజారులో కిలోలు, లీటర్లు స్థిరపడ్డాయిగాని, వంటింట్లో ఎవరి సోల వారి దగ్గరే ఉండిపోయింది. అందువల్ల "సోల అంటే ఇన్ని మిల్లీలీటర్లు" అని ఎవరైనా ఖాయంగా చెబితే, అది వారి ఇంటి సోల సంగతి అనుకోండి.

3. ఎలా నింపాలో ఒకసారి నిర్ణయించుకుని, ఎప్పుడూ అలాగే నింపండి

అంకెలు తప్పడానికి కాటా కంటే చేయే ఎక్కువ కారణం. శనగపిండినే తీసుకోండి. 240 మి.లీ. కప్పును జల్లించిన పిండితో చెంచా చెంచాగా నింపి, పైన గీస్తే నాకు 98 గ్రాములు వచ్చింది. అదే కప్పును డబ్బాలో ముంచి, డబ్బా గోడకు అదిమి తీస్తే 131 వచ్చింది. పిండి ఒకటే, కప్పు ఒకటే, మూడో వంతు తేడా. "ఒక కప్పు శనగపిండి, రెండు కప్పుల పంచదార" అని చేసిన మైసూరుపాకు ఒక పండక్కి గుల్లగా, ఇంకో పండక్కి రాయిలా రావడానికి పాకం మీద నేరం మోపే ముందు ఈ తేడాను గుర్తుచేసుకోవాలి.

నేను పాటించే పద్ధతి ఇది. పిండిని డబ్బాలోనే చెంచాతో రెండుసార్లు కదిపి వదులు చేయాలి. చెంచాతో తోడి, పాత్రలోకి పైనుంచి జారవిడవాలి. గోపురంలా లేచే దాకా నింపి, చాకు వీపుతో అంచు మీద ఒకేసారి గీయాలి. పాత్రను గట్టు మీద తట్టకూడదు, వేలితో అదమకూడదు. బియ్యం, పప్పులు, పంచదార, సన్న ఉప్పు వంటివి వాటంతటవే సర్దుకుంటాయి కాబట్టి వాటిని నేరుగా ముంచి గీసినా పెద్ద తేడా రాదు. రవ్వ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది.

మీ పెద్దవాళ్లు పిండిని అదిమి కొలిచేవారైతే, లేక సోల మీద గోపురం ఉంచి కొలిచేవారైతే, వారి పాళ్లను మార్చుకునేటప్పుడు మీరు కూడా అలాగే కొలిచి తూచాలి. ఇక్కడ సరైన పద్ధతి, తప్పు పద్ధతి అని లేవు. పాళ్లు చెప్పిన చేయి ఎలా కొలిచిందన్నదే ముఖ్యం. వీలైతే వారినే కూర్చోబెట్టి ఒకసారి కొలవమనండి. మా అమ్మ ఉప్పును అంచుకు గీసి కొలుస్తుంది, కారాన్ని మాత్రం కాస్త గోపురంతో వదిలేస్తుంది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు, పక్కన నిలబడి చూస్తేనే తెలిసింది. ఆ గోపురం ఎంతో ప్రతిసారీ ఒకేలా ఉండదు కాబట్టి నేను కారాన్ని కూడా గీసే తూచాను, కలిపేటప్పుడు ఆ మాట గుర్తుపెట్టుకుంటాను.

4. ప్రతి సరుకును మూడుసార్లు తూచండి

ఖాళీ పాత్రను కాటా మీద పెట్టి సున్నా చేసి, పక్కన పళ్లెంలో నింపి గీసి, తిరిగి కాటా మీద పెట్టి అంకె రాసుకోండి. ఖాళీ చేసి మళ్లీ నింపండి. ఇలా మూడు తూకాల సగటు తీసుకోండి. మూడింటిలో పెద్దదానికీ చిన్నదానికీ మధ్య తేడా వందకు ఐదు లోపల ఉంటే మీ చేయి కుదిరినట్లే. అంతకు మించితే నింపే పద్ధతిలో ఎక్కడో నిలకడ లేదు. ఇంకో రెండుసార్లు తూచండి.

పెద్ద ముక్కలకు ఈ నియమం పనిచేయదు. టెంకతో కొట్టిన ఆవకాయ ముక్కలను సోలతో కొలిస్తే ఒకసారి 151 గ్రాములు, ఒకసారి 181 గ్రాములు వచ్చాయి, ఎందుకంటే చిన్న పాత్రలో ముక్కల మధ్య సందులు ఎలా పడితే అలా మిగులుతాయి. అలాంటి వాటికి సగటు వెతక్కుండా, చేయబోయే మొత్తం సోలలనూ కొలిచి ఒకేసారి తూచి భాగించండి. నేను ఎనిమిది సోలల ముక్కలు కలిపి తూస్తే 1328 గ్రాములు వచ్చింది, అంటే సోలకు 166.

5. మిల్లీలీటరుకు ఎంత బరువో కట్టుకోండి

వచ్చిన సగటును మీ పాత్ర పరిమాణంతో భాగించండి. మా సోలలో కారం 137 గ్రాములు తూగింది. 137ను 286తో భాగిస్తే 0.48. అంటే ఆ కారం మిల్లీలీటరుకు 0.48 గ్రాములు. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే ఇక ఏ పాత్ర అయినా ఒకటే. ఎవరైనా 240 మి.లీ. కప్పుతో చెబితే 240ని 0.48తో గుణించాలి, 115 గ్రాములు. 180 మి.లీ. గ్లాసుతో చెబితే 86 గ్రాములు. నోటుపుస్తకంలో సరుకు పేరు, తేదీ, ఈ అంకె, ఎలా నింపారో ఒక ముక్క, ఇవి రాసుకుంటే చాలు.

ఈ లెక్క సరిగ్గా చేస్తున్నారో లేదో తెలుసుకోవడానికి మీ ఇంట్లోనే ఒక సాక్ష్యం ఉంది. లీటరు వంటనూనె ప్యాకెట్టు వెనక బరువు చూడండి, 910 గ్రాములని ఉంటుంది. అంటే మిల్లీలీటరుకు 0.91. మీ పాత్రలో నూనె పోసి తూచి భాగించినప్పుడు మీకు కూడా 0.91 దగ్గరగా రావాలి. 0.85, 0.97 వంటి అంకెలు వస్తే రెండో మెట్టులో పాత్ర పరిమాణం తప్పు రాసుకున్నారని అర్థం.

6. ఇప్పుడు పాళ్లను మార్చండి

మా అమ్మ ఆవకాయ పాళ్లనే తీసుకుందాం. ఒక్కొక్క సోల తూకం నా పుస్తకంలో ఇలా ఉంది: ముక్కలు 166 గ్రాములు, ఆవపిండి 128, కారం 137, ఎండబెట్టి దంచిన ఉప్పు 315, నువ్వుల నూనె 260. వీటిని సోలల సంఖ్యతో గుణిస్తే ముక్కలు 1328, ఆవపిండి 256, కారం 274, ఉప్పు 315, నూనె 520 వస్తాయి. కిలో ముక్కలకు ఎంతో తెలియాలంటే ప్రతిదాన్నీ 1.328తో భాగించాలి. అప్పుడు వచ్చేవి ఇవి:

• ముక్కలు 1000 గ్రాములు
• ఆవపిండి 193 గ్రాములు
• కారం 206 గ్రాములు
• ఉప్పు 237 గ్రాములు
• నూనె 392 గ్రాములు

కొలతలో ఉప్పు కారంలో సగమే, తూకంలో మాత్రం కారాన్ని దాటిపోయింది. నేను ఆ ఏడాది 237 వేయవలసిన చోట 125 వేశాను, 392 పోయవలసిన నూనె 250 పోశాను. బూజు పట్టక ఏం చేస్తుంది?

ఎవరి పాళ్లైనా మీకు "నాలుగుకు ఒకటి, ఒకటి, అర" అని అంకెల్లో వచ్చినప్పుడు, మొట్టమొదట అడగవలసిన మాట "కొలతా, తూకమా" అన్నది. చెప్పినవారికి గుర్తులేకపోతే ఉప్పు వంతు చూడండి. ఊరగాయ పాళ్లలో ఉప్పు కారంలో సగం అని ఉంటే అది దాదాపు ఎప్పుడూ కొలతే. ఉప్పు, కారం, ఆవపిండి మూడూ సమానం అని ఉంటే తూకం అయ్యే అవకాశం ఎక్కువ.

జాగ్రత్త: ఉప్పు పేరుతో మన ఇళ్లలో మూడు రకాలున్నాయి. మా సోలలో గళ్లుప్పు, అంటే కొందరు దొడ్డుప్పు అనే రాళ్ల ఉప్పు, 283 గ్రాములు తూగింది. ఎండబెట్టి దంచింది 315. ప్యాకెట్టులో వచ్చే సన్న ఉప్పు 343. పాళ్లు గళ్లుప్పుకు చెప్పినవైతే, అదే సోలతో సన్న ఉప్పు వేస్తే సోలకు 60 గ్రాములు ఎక్కువ పడుతుంది. తూకంలోకి మార్చుకున్న తర్వాత ఈ బెడద చాలా వరకు తీరుతుంది, ఏ రకమైనా 237 గ్రాములు 237 గ్రాములే. అయితే గళ్లుప్పును ఎండబెట్టాకే తూచాలి, లేకపోతే అందులోని తడికి కూడా ఉప్పు లెక్క కడతారు.

7. ఇతరుల వంటకాలైతే ఎవరి కప్పో కనుక్కోండి

అమెరికా వంటకాల్లో కప్పు అంటే సుమారు 240 మి.లీ. ఆస్ట్రేలియాలో 250 మి.లీ. రైస్ కుక్కరుతో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మి.లీ.; దాన్ని మామూలు కప్పు అనుకుని కేకు చేసినవారు నాకు తెలుసు, నాలుగో వంతు పిండి తక్కువ పడింది. టేబుల్ స్పూన్ అన్ని చోట్లా 15 మి.లీ. అయితే ఆస్ట్రేలియాలో 20 మి.లీ. టీ స్పూన్ 5 మి.లీ. ఇది ఎక్కడైనా ఒకటే. మన వీడియోల్లో చూపే గ్లాసు, టీ కప్పు వంటి వాటికి ఏ ప్రమాణమూ లేదు.

పాత్ర ఎంతో తెలియకపోయినా కొన్ని వంటకాలు నడుస్తాయి. అన్ని సరుకులనూ ఒకే గ్లాసుతో చెప్పినప్పుడు, మీరు ఏదో ఒక గ్లాసును ఎంచుకుని అన్నిటినీ దానితోనే కొలిచి తూచుకుంటే పాళ్లు చెడవు, మొత్తమే మారుతుంది. గ్లాసు మినపగుళ్లకు రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ అన్నది ఇలాంటిదే. చిక్కు ఎక్కడ వస్తుందంటే, "ఒక గ్లాసు రవ్వ, అర కిలో పంచదార" అని కొలతనూ తూకాన్నీ కలగలిపి చెప్పినప్పుడు. అక్కడ గ్లాసు ఎంతో తెలియకుండా ముందుకు వెళ్లకండి.

8. చెంచాలను పది చొప్పున తూచండి

ఒక గ్రాము తేడా చూపించే కాటా మీద ఒక టీ స్పూన్ పసుపు పెడితే 3 అని చూపిస్తుంది. అది రెండున్నర కావచ్చు, మూడున్నర కావచ్చు. పది చెంచాలు పోసి తూచి పదితో భాగించండి. ఇంగువ, ఈస్టు, వంటసోడా వంటివాటికి ఇలా కూడా చేయనక్కర్లేదు, చెంచా కొలతనే ఉంచుకోండి. పదో వంతు గ్రాము చూపించే చిన్న కాటా ఉంటే వేరే మాట. "చిటికెడు", "పిడికెడు కొత్తిమీర" వంటివాటిని గ్రాముల్లోకి మార్చాలన్న పట్టుదల మానుకోండి. "నిమ్మకాయంత చింతపండు" మాత్రం మార్చదగ్గదే, ఎందుకంటే నిమ్మకాయను ఒక్కొక్కరు ఒక్కో సైజులో ఊహించుకుంటారు. మీ పులుసు కుదిరిన రోజున వాడిన ముద్దను నానబెట్టే ముందు తూచి రాసుకోండి. నాకు అది 25 గ్రాముల దగ్గర ఆగింది.

సరిపోల్చుకోవడానికి కొన్ని అంకెలు

ఇవి 240 మి.లీ. కప్పును వదులుగా నింపి, గీసి తూచినవి. వీటిని మీ అంకెల బదులు వాడకండి; మీ అంకెలు వీటికి చాలా దూరంగా ఉంటే ఎక్కడో పొరపాటు ఉందని గుర్తించడానికి మాత్రమే వాడండి.

• మైదా, గోధుమపిండి: 120 నుంచి 130 గ్రాములు
• శనగపిండి: 95 నుంచి 120
• పొడి బియ్యప్పిండి: 150 నుంచి 160
• బొంబాయి రవ్వ: 165 నుంచి 175
• బియ్యం, కందిపప్పు, మినపగుళ్లు: 190 నుంచి 205
• పంచదార: 200
• పంచదార పొడి: 115 నుంచి 120
• కారం: 110 నుంచి 125
• సన్న ఉప్పు: 285 నుంచి 290
• నూనె: 218, కరిగిన నెయ్యి: 217
• పాలు: 247
• తేనె: 340

బెల్లం ఈ పట్టికలో లేకపోవడానికి కారణం ఉంది. తురుమా, దంచిందా, గడ్డలా అన్నదాన్ని బట్టి కప్పు బెల్లం ఎంతైనా తూగుతుంది. బెల్లానికి కొలత చెప్పిన వంటకం దొరికితే, నేనైతే తురిమి, అదిమి కొలిచి ఒకసారి చేసి చూసి, తీపిని బట్టి సరిచేసి, ఆ తూకాన్నే రాసుకుంటాను. తడిపిండితో చేసే అరిసెలదీ ఇదే వ్యవహారం. తడి ఎంత ఉందో తెలియకుండా ఆ పిండి తూకానికి అర్థం లేదు, కాబట్టి నానబెట్టక ముందు బియ్యాన్నే తూచి, బెల్లాన్ని దానికి ముడిపెట్టండి.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నిటికంటే పెద్దది నేను చేసిందే, అంటే కొలత పాళ్లను తూకం పాళ్లుగా రాసుకోవడం. దాన్ని మళ్లీ చెప్పను.

లీటరునూ కిలోనూ ఒకటిగా చూడడం రెండోది. గానుగ దగ్గర నూనెను కొన్నిచోట్ల కిలోల్లో, కొన్నిచోట్ల లీటర్లలో అమ్ముతారు. కిలో నూనె అంటే దాదాపు 1.1 లీటర్లు. ధర పోల్చేటప్పుడు కూడా ఇది అక్కరకు వస్తుంది.

నానినవాటిని, పొంగినవాటిని తూచి పాళ్లు రాసుకోవడం ఇంకొకటి. మినప్పప్పు నానితే బరువు రెండింతల దాకా పెరుగుతుంది. పులిసిన ఇడ్లీపిండిలో గాలి నిండి ఉంటుంది కాబట్టి, రాత్రి గిన్నెలో సగం ఉన్న పిండి పొద్దున నిండుగా కనిపించినా తూకం ఏమీ పెరగదు. ఎప్పుడూ పొడి సరుకు దశలోనే తూచండి.

కాటా సంబంధమైన చిన్న పొరపాటు ఒకటుంది, కాని నష్టం పెద్దదే. గిన్నెలో ఒకదాని మీద ఒకటి వేస్తూ ప్రతిసారీ సున్నా చేసుకునేటప్పుడు, మధ్యలో ఫోను మోగి పక్కకు వెళితే కాటా దానంతటదే ఆగిపోతుంది. తిరిగి వచ్చి వెలిగిస్తే సున్నా నుంచి మొదలవుతుంది, అప్పటికి సగం ఉప్పు వేశారో, మొత్తం వేశారో తెలియదు. అందుకే ఉప్పు, కారం వంటివాటిని విడి గిన్నెల్లో తూచి పెట్టుకుని, చివర కలపండి.

ఫలితాన్ని ఎలా సరిచూసుకోవాలి

మొదటి పరీక్ష ప్యాకెట్టుతో. అర కిలో బొంబాయి రవ్వ ప్యాకెట్టు విప్పి మీ కప్పుతో కొలుచుకుంటూ పోండి. మీ పుస్తకంలో కప్పుకు 170 గ్రాములని ఉంటే, మూడో కప్పు నిండటానికి కొద్దిగా వెలితి రావాలి. మూడు కప్పులు నిండి ఇంకా మిగిలితే మీ చేయి తూచిన రోజు కంటే వదులుగా నింపుతోంది.

రెండోది తిరుగు లెక్క. మార్చుకున్న తూకం ప్రకారం సరుకును ముందు కాటా మీద తూచి, తర్వాత పాత కొలత పాత్రలో పోయండి. 137 గ్రాముల కారం మా సోల అంచుకు సమంగా రావాలి. అంగుళం వెలితిగా ఉంటే ఎక్కడో తప్పు రాశారు.

మూడోది మొత్తం బరువు. ఖాళీ బేసిను తూచి రాసి పెట్టుకోండి. అన్నీ కలిపాక బేసినుతో సహా తూచి, ఖాళీ బరువు తీసేయండి. పైన చెప్పిన ఆవకాయకు కిలో ముక్కల లెక్కన 2028 గ్రాములు రావాలి. గిన్నెలకు అంటుకున్నది పోగా పది ఇరవై గ్రాములు తగ్గవచ్చు. 200 తగ్గితే మీరు ఏదో ఒకటి వేయడం మరిచిపోయారు, ఈ పరీక్ష నన్ను ఒకసారి అలాగే కాపాడింది. ఆవపిండి గిన్నె మిక్సీ వెనక ఉండిపోయింది.

ఆఖరి పరీక్ష నాలుకదే. కొత్తగా మార్చిన పాళ్లతో మొదటిసారే పది కిలోలు పెట్టకండి. కిలో ముక్కలతో పెట్టి, మూడో రోజు తిరగకలిపేటప్పుడు రుచి చూడండి. అప్పటికి ఊట దిగి, ఉప్పు నాలుకకు కొంచెం ఎక్కువగానే తగలాలి, నూనె పైకి తేలి కనిపించాలి. ఉప్పు సమంగా ఉన్నట్లు అనిపిస్తే తక్కువైనట్లే. కిలోకు 15, 20 గ్రాములు తూచి కలిపి, ఎంత కలిపారో పుస్తకంలో పాత అంకె పక్కనే రాయండి, పాత అంకెను కొట్టివేయకండి.

కారం, ఆవపిండి అంకెలను ప్రతి ఏడూ కొత్తగా తూచుకోవాలి, ఎందుకంటే మర పట్టించిన మెత్తదనాన్ని బట్టి అవి మారిపోతాయి. పంచదార, నూనె, సన్న ఉప్పు అంకెలు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. పాత్ర విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. మా అమ్మ ఇత్తడి సోలకు అడుగున ఒక సొట్ట ఉంది. నేను తూచిన 286 గ్రాములు ఆ సొట్టతో కలిపి వచ్చినవి, ఆమె చెప్పే పాళ్లు కూడా ఆ సొట్టతోనే కుదిరినవి. మొన్న మెరుగు పెట్టిస్తానని తీసుకెళ్లినతను సొట్ట కూడా సరిచేసి తెచ్చాడు. నీళ్లు పోసి మళ్లీ తూస్తే 293 వచ్చింది.